పేరు తెలియని పూర్వులు

మూలములను మఱువరాదని చెప్పనివారు లేరు. పెండ్లిపీటలమీద ప్రవర చెప్పుకొనుచున్నాము. పండుగనాడు తాతముత్తాతల గొప్పలు తలచుకొనుచున్నాము. సముద్రములు దాటిపోయిన పిల్లలతో మాటాడునపుడు మన వేళ్లను మఱచిపోవలదని హెచ్చరించుచున్నాము. ఇంతవఱకు బాగున్నది. కాని వేళ్లనగా నేమి? ఒక వంశమున పుట్టిన వందలమందిలో ఒక దివానును, ఒక పండితుని, ఒక మునసబును ఏఱిపట్టుకొని తక్కినవారినందఱను విడిచిపెట్టుట పూర్వస్మరణమగునా? అది పూర్వుల పేరిట మనలను మనము పొగడుకొనుట కాదా? ఈ సందేహము నన్ను చాలకాలముగా వేధించుచున్నది. దీనికి నాకు దొరకిన సమాధానములలో అన్నిటికంటె ఉపకరించినది మన పురాణములలోనిది కాదు, ఐర్లండు దేశపు సామాన్య ప్రజల చరిత్రములోనిది.

ఐర్లండునకును మనకును ఏమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. సంబంధము లేకపోలేదు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడుగా నుండిన జేమ్సు కజిన్సు బెల్‌ఫాస్టు నగరమున పుట్టిన కవి. 1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరుగారు ఆ కళాశాలలో విడిసి జనగణమన గీతమును ఆంగ్లీకరించినపుడు, ఆ పాటకు స్వరములు వ్రాసిపెట్టినది కజిన్సుగారి భార్య మార్గరెట్టు. ఆమె తన దేశమున స్త్రీలకు వోటుహక్కు కావలెనని పోరాడి చెఱసాలకు పోయివచ్చిన ధీర. మన వి. వి. గిరిగారు 1913 మొదలు 1916 వఱకు డబ్లిను నగరమున న్యాయశాస్త్రము చదివిరి. ఐనను నన్ను ఆ దేశమువైపు త్రిప్పినది ఈ ప్రముఖుల కథలు కావు. ఆంగ్లపాఠము చెప్పుకొను ఉపాధ్యాయుడనగుటచే ఐరిషు రచయితలను చదువుచు, వారి వెనుకనున్న కఱవు కథను తెలిసికొంటిని. అక్కడనుండి మనస్సు మరల లేదు.

1841వ సంవత్సరపు లెక్కలలో ఐర్లండు ప్రజలు ఇంచుమించు 81 లక్షల 75 వేలు. వీరిలో లక్షలకొలది జనులు చిన్నచిన్న కౌలుముక్కలమీద బ్రదుకుచు బంగాళాదుంప నొక్కదానినే తిని ప్రాణము నిలుపుకొనెడివారు. 1845లో ఆ పైరునకు తెగులు తగిలెను. దుంపలు నేలలోనే నల్లబడి కుళ్లిపోయెను. అది ఒక్క యేటితో పోలేదు. 1852 వఱకు దేశమును పీడించెను. ఆ యేండ్లలోనే ఆ దేశపు రేవులనుండి ధాన్యమును పశువులును పరదేశమునకు ఎగుమతి యగుచునే యుండెను. తెగులు దైవికమని చెప్పవచ్చును గాని, కౌలు చెల్లింపలేని కుటుంబమును వీధిలోనికి నెట్టి గుడిసె కూల్చుట దైవికము కాదు గదా! సుమారు పది లక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను మరణించిరి. మఱి పది లక్షలకు పైగా ఓడలెక్కిరి. 1851 నాటి లెక్కలలో మిగిలినవారు 65 లక్షలకు కొంచెము పైన. నేడు ఆ ద్వీపమునందలి రెండు భాగములను కలిపి లెక్కించినను జనసంఖ్య 70 లక్షలకు కొంచెము మించునంతే. నూట ఎనుబది యేండ్లు గడచినను 1841 నాటి సంఖ్యకు ఆ దేశము తిరిగి రాలేదు. కాని అమెరికాలో మాత్రము మా పూర్వులు ఐరిషువారని చెప్పుకొనువారు మూడు కోట్లకు మించియున్నారు.

ఓడలెక్కినవారందఱును గట్టు చేరలేదు. కెనడాలో సెయింటు లారెన్సు నదిలో గ్రోస్ ఈల్ అను చిన్న దీవి యున్నది. అంటుజ్వరములు కలవారిని దింపి నిలిపియుంచు చోటది. 1847 ఒక్క సంవత్సరములోనే అక్కడ 5,000 మందికి పైగా పాతిపెట్టబడిరి. పాతినవారికి వారి పేళ్లు తెలియవు. తెలిసికొను తీరిక లేదు. 1909లో ఐరిషు సంతతివారు ఆ దీవిలో ఎత్తైన రాతిసిలువ నిలిపిరి. మూడు భాషలలో దానిమీద వ్రాసిరి గాని, ఒక్కొక్కరి పేరును వ్రాయుట వారి తరముకాలేదు.

కఱవు తీఱినను వలస తీఱలేదు. ఆ పల్లెలలో ఒక ఆచారముండెను. పిల్ల యమెరికాకు బయలుదేఱు ముందటి రాత్రి బంధువులు, ఇరుగుపొరుగువారు ఇంటచేరి తెల్లవాఱుదాక పాడుచు, ఆడుచు, ఏడ్చుచు జాగరము చేసెడివారు. చనిపోయినవారికి చేయు జాగరమును బ్రదికియున్న పిల్లకు చేయుట! మరల చూతుమన్న ఆశ వారికి లేదు. మఱియొక విశేషమును మన గృహిణులు గమనింపవలెను. యూరపునుండి వలసపోయిన తక్కిన జాతులలో పురుషులే యెక్కువ; ఐరిషువారిలో ఇంచుమించు సగము స్త్రీలు. పెండ్లికాని పదునెనిమిది, ఇరువది యేండ్ల పడుచులు ఒంటరిగా ఓడలెక్కిరి. పరుల యిండ్లలో అంట్లు తోమి, వంటలు చేసి, కూడబెట్టిన డాలర్లను ఇంటికి పంపిరి. ఆ సొమ్ముతో తండ్రి కౌలు తీఱెను. చెల్లెలి ఓడకూలి తీఱెను. ఆ చెల్లెలు పోయి మఱియొక తమ్మునికి కూలి పంపెను. ఐరిషు సంతతి యనెడి మహావృక్షమునకు నీళ్లు పోసినవారు ఈ దాసీపనివారే.

వీరిలో ఒకతె కథ చెప్పెదను. 1892 జనవరి 1వ తేదీన న్యూయార్కు రేవులోని ఎల్లిసు దీవిలో వలసవారిని పరీక్షించు క్రొత్త కార్యాలయమును తెఱచిరి. అందులో మొట్టమొదట అడుగుపెట్టినది ఆనీ మూర్ అను పదునేడేండ్ల పిల్ల. కార్కు జిల్లానుండి ఇద్దఱు తమ్ములను వెంటబెట్టుకొని వచ్చినది. అధికారులామెకు పది డాలర్ల బంగారునాణెము నిచ్చిరి. పత్రికలు పేరు వ్రాసెను. తరువాత అందఱును మఱచిరి. బహుకాలమునకు ఆమెను గౌరవింపదలచి జనులు వెదకిరి. టెక్సాసు రాష్ట్రమునకు పోయి అక్కడ మరణించిన వేఱొక ఆనీ మూరును ఈమెయే యని భ్రమించి, ఆ కుటుంబమును సభలకు పిలిచి సత్కరించిరి. 1993లో ఆమె బయలుదేఱిన రేవులోను, దిగిన దీవిలోను విగ్రహములు వెలసెను. 2006లో వంశచరిత్రలు శోధించు ఒక విదుషి పాతలెక్కలను, పుట్టువు పుస్తకములను గాలించి నిజము తేల్చెను. నిజమైన ఆనీ పడమటికి పోలేదు, ధనవంతురాలు కాలేదు. న్యూయార్కు నగరపు పేదవాడలోనే కాపురముండి, చేపల యంగడిలో గుమాస్తాను పెండ్లాడి, అనేక సంతానమును కని, అందు పలువురిని పసితనముననే పోగొట్టుకొని, 1924లో కన్నుమూసెను. ఆమె సమాధిమీద పేరు చెక్కిన రాయి కూడ లేదు. 2008లో ఆ రాయి నిలిపిరి. విగ్రహములు లేచిన పదునైదేండ్లకు సమాధికి రాయి దొరకెను. పూర్వస్మరణములో ఏది ముందు చేయుచున్నాము, ఏది వెనుక చేయుచున్నామో ఈ కథ చక్కగా చూపును.

ఐరిషువారి వెదకులాట సులభమైనది కాదు. 1922లో అంతర్యుద్ధమున డబ్లినులోని ప్రభుత్వ దస్తరముల భవనము తగులబడి కొన్ని శతాబ్దముల పత్రములు బూడిదయ్యెను. కఱవునకు ముందువెనుకల జనసంఖ్య పుస్తకములలో చాలభాగము అందులోనే పోయెను. అటుతరువాతి వానిలో కొన్నిటిని అంతకుముందే ప్రభుత్వమే నాశనము చేసియుండెను. మిగిలిన పూర్తి లెక్కలు 1901, 1911 సంవత్సరములవి. వానిని నేడు ఇంటర్నెట్టులో ఎల్లరును ఉచితముగా చూడవచ్చును. కాలిపోయిన భాండారమును సయితము, ఇతరచోట్ల నిలిచిన నకళ్లను కూర్చి తిరిగి కట్టు ప్రయత్నమును పండితులు చేసి, వందయేండ్లకు సరిగా 2022లో లోకమునకు అర్పించిరి.

నాకు మిక్కిలి వింతగా తోచినవి రెండు సంగతులు. కతోలికుల పల్లెచర్చిలో బిడ్డకు బాప్తిస్మమిచ్చినపుడు పుస్తకములో తండ్రి పేరుతోపాటు తల్లి పేరును, అదియును ఆమె పుట్టినింటి పేరుతో వ్రాసెడివారు. అందుచే కూలివాని వంశములోను తల్లివైపు దారి తెగిపోలేదు. రెండవది, 1911 నాటి లెక్కలలో పెండ్లియైన ప్రతి స్త్రీని గూర్చియు వేసిన ప్రశ్నలు: వివాహమై ఎన్ని యేండ్లయినది? ప్రాణముతో పుట్టిన బిడ్డలెందఱు? ఇప్పుడు బ్రదికియున్నవారెందఱు? పదునొకండు, ఆఱు అని రెండంకెలు ప్రక్కప్రక్కన నున్నచో ఆ నడుమనున్న యైదుగురి పేళ్లు ఏ పుస్తకమునను లేకపోయినను, ఆ తల్లి దుఃఖము నూఱేండ్ల తరువాత చదివినవానికి తెలియును. ఏ వీరగాథయు నింతకంటె నిజముగా పూర్వులను చూపజాలదని నా నమ్మకము.

ఇక భాష మాట. పందొమ్మిదవ శతాబ్దమున అనేక పాఠశాలలలో పిల్లవాని మెడకు ఒక కఱ్ఱను వ్రేలాడగట్టి, వాడు ఐరిషు భాషలో పలికినపుడెల్ల దానిమీద ఒక గంటు పెట్టెడివారు. సాయంకాలము గంట్లు లెక్కించి అన్ని దెబ్బలు కొట్టెడివారు. ఇందులో తల్లిదండ్రులును పాలుపంచుకొనిరి. వారు దుర్మార్గులు కారు. పిల్ల రేపు ఓడ యెక్కవలసినదే, అక్కడ అన్నము పెట్టునది ఆంగ్లమే యని వారి భయము. 1893లో డగ్లసు హైడు మొదలగువారు గేలిక్ సమాజమును స్థాపించి భాషను నిలుపబూనిరి. ఆ హైడే 1938లో దేశమునకు ప్రథమాధ్యక్షుడయ్యెను. ఐనను పోయినది పూర్తిగా తిరిగిరాలేదు. 2022 నాటి లెక్కలలో ఆ భాష వచ్చునని చెప్పినవారు 18 లక్షలకు పైగా నున్నను, బడివెలుపల ప్రతిదినమును మాటాడువారు సుమారు 72 వేలు మాత్రమే. మన నాటను తెలుగు మాటాడినందుకు పిల్లల మెడలో పలకలు కట్టిన వార్తలను పత్రికలలో చదివినపుడు నాకు ఆ గంట్లకఱ్ఱయే జ్ఞప్తికి వచ్చినది. కఱ్ఱ మాఱినది, భయము మాఱలేదు. ఆ భయమును ఎగతాళి చేయుటవలన ప్రయోజనము లేదు. ఆంగ్లము నేర్పుటకు తెలుగును చంపనక్కఱలేదని పాఠము చెప్పి చూపవలసినవారము మాబోటి ఉపాధ్యాయులమే.

వెళ్లినవారు వేళ్లను మఱువరాదని మనము చెప్పుదుము. ఉన్నవారి ధర్మమేమి? దీనిని ఐర్లండు కొంతవఱకు ఆలోచించినది. 1990లో దేశాధ్యక్షురాలైన మేరీ రాబిన్‌సన్ తన నివాసగృహపు కిటికీలో ఒక దీపమును ఎల్లప్పుడును వెలుగుచుండునట్లు పెట్టించెను. దూరమున నున్నవారికి ఇంట దీపమున్నదని తెలుపుటకది. 1995లో ఆమె ఈ వలససంతతిని గూర్చియే శాసనసభల సమక్షమున ప్రసంగించెను. 1998లో ఆ దేశపు రాజ్యాంగములోనే, విదేశములలోని ఐరిషు సంతతివారితో తమ జాతికిగల ప్రత్యేకబంధమును ఆదరింతుమని వ్రాసికొనిరి. అవ్వతాతలలో ఒకరు ఆ ద్వీపమున పుట్టియుండినచో మనుమలకు పౌరసత్వము దొరకును. ఆ యవ్వ తల్లికి తల్లియైనను సరే, తండ్రికి తల్లియైనను సరే. చట్టమునకు భేదము లేదు.

ఇంతమాత్రముచే ఐరిషువారి పూర్వస్మరణమంతయు పవిత్రమని నేననను. తాము పడిన కష్టమును తలచుకొని గర్వించుటయు, ఆ కష్టమునే పడుచున్న పరుని తన్నుటయు ఒక్క మనుష్యునియందే యుండవచ్చును. 1841లో డానియేలు ఓకానెల్ మొదలుగా సుమారు 60,000 మంది ఐర్లండువారు చేవ్రాళ్లుచేసి, నీగ్రోజాతివారి బానిసత్వమును ఎదిరింపుడని అమెరికాలోని తమవారికి విజ్ఞాపనము పంపిరి. అక్కడివారిలో పెక్కండ్రకది రుచింపలేదు. 1863లో న్యూయార్కు నగరమున సైన్యపు నిర్బంధచేరికపై చెలరేగిన అల్లరులలో ఐరిషు బీదలనేకులు చేరి నల్లవారిని వెదకి చంపిరి. నల్లజాతి అనాథబాలల శరణాలయమును తగులబెట్టిరి. ఆకలికి దేశము విడిచినవారి బిడ్డలే పరుల బిడ్డల గూడు కాల్చిరి! వేళ్లను గూర్చి మాటాడు ప్రతివాడును ఈ సంవత్సరమును గుర్తుంచుకొనవలెను.

దీనికి ఎదురుగా మఱియొక సంవత్సరమును ఉంచెదను. 1847లో, కఱవు ఉద్ధృతముగా నున్నపుడు, అమెరికాలోని చోక్టా అను ఆదివాసిజాతివారు చందా వసూలుచేసి 170 డాలర్లు ఐర్లండునకు పంపిరి. అంతకు పదునాఱేండ్ల క్రిందటనే ప్రభుత్వము వారిని స్వస్థలమునుండి వెడలగొట్టుట కారంభించెను; దారిలో వేలమంది చచ్చిరి. ఆకలి ఎట్టిదో తెలిసినవారు గనుక పంపిరి. ఐరిషువారు దీనిని మఱువలేదు. కార్కు జిల్లా మిడిల్టను పట్టణమున తొమ్మిది ఉక్కు ఈకలను గుండ్రముగా నిలిపి స్మారకము కట్టిరి. 2020లో కోవిడు వ్యాధిచే నవహో, హోపీ అను ఆదివాసిజాతులు బాధపడుచుండగా, పాతఋణము తీర్చుకొనుచున్నామని చెప్పుచు ఐర్లండువారు వేలకొలదిగా విరాళములు పంపిరి. పుచ్చుకొన్నది ఒక జాతినుండి, ఇచ్చినది వేఱు జాతులకు. పూర్వస్మరణమునకు ఇది యొక్కటే నాకు తోచిన మంచి పరీక్ష: అది మనుష్యుని పరులకు దగ్గఱ చేయుచున్నదా, దూరము చేయుచున్నదా?

ఇదియంతయు దూరదేశపు మాటగానే నా మనస్సున నుండెడిది. క్రిందటి సంవత్సరమున అమెరికాలోనున్న మా అక్కగారి కుమారుడు ఒకనాడు ఫోనులో, "మామయ్యా, పాపకు బళ్లో వంశవృక్షం గీసుకొని రమ్మన్నారు. అమ్మమ్మ వాళ్ల అమ్మగారి పేరేమిటి? ఆవిడ అమ్మగారి పేరేమిటి?" అని అడిగెను. మా యింట పూర్వులు వ్రాయించిన వంశావళి యున్నది. పదునొకండు తరములు. ఏ తాతకు ఏ అగ్రహారమున ఎంత మాన్యముండెనో కూడ అందులో కలదు. దానిని మొదటినుండి తుదివఱకు చూచితిని. స్త్రీ పేరు ఒక్కటియు లేదు. పదునొకండు తరముల పురుషులు తల్లులు లేకయే పుట్టినట్లున్నది! తర్పణములో తల్లిని, పితామహిని, ప్రపితామహిని పేరుపేరున తలచుకొనుట మనకు విధియే. కాని నాలుగవ తరము రాగానే ఆ పేరు మంత్రమునుండి జాఱిపోవును. కాగితముమీద లేదు గనుక లోకమునుండియే జాఱిపోవును. తల్లివైపు అవ్వల మాట చెప్పనేల?

మా అమ్మను అడిగితిని. ఆమెకు ఎనుబది యొకటవ యేడు. తన తల్లి పేరు చెప్పెను. తల్లికి తల్లి పేరడుగగా చాలసేపు ఆలోచించి, "అందరూ పేరూరు అమ్మమ్మ అనేవారు నాయనా. పేరేమిటో ఎవరూ పిలవగా వినలేదు" అనెను. ఊరిపేరే ఆమెకు పేరైనది. తరువాత అడుగకయే మఱియొక మాట చెప్పెను: "సుబ్బమ్మత్తను రాసుకొన్నావా? ఎనిమిదో యేట పెళ్లి, తొమ్మిదో యేట అంతా అయిపోయింది. మా అందరినీ ఎత్తుకొని పెంచింది ఆవిడే. ఆవిడ ఎవరికీ అమ్మ కాదు కాబట్టి ఎవరూ చెప్పరు." వంశవృక్షమున కొమ్మకు కొమ్మ పుట్టవలెను. పిల్లలు లేని బాలవితంతువునకు అందులో చోటెక్కడిది? మేనల్లునికి ఈ మాట చెప్పితిని. అతని కుమార్తె సుబ్బమ్మత్త పేరును చెట్టు మొదలునొద్ద వ్రాసినదని తెలిసినది.

మన తెలుగువారును వలసపోయినవారే. 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమునుండి దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరిన మొదటి కూలియోడలోను తెలుగువారు కలరు. బర్మాలో మనవారిని కోరంగిరేవు పేరుపెట్టియే పిలిచెడివారు. నేటాలు ఓడల పట్టికలలో పురుషునకువలెనే స్త్రీకిని వేఱుగా ఒక సంఖ్య వేసి, పేరును, వయస్సును, ఊరిని వ్రాసిరి. వ్రాసినవారు దయగలవారని కాదు. కూలికి లెక్క కావలెను గనుక వ్రాసిరి. ఐనను మాన్యములు గల మా వంశావళిలో దొరకని స్త్రీ పేరు, చెఱకుతోటల దొర లెక్కలో దొరకుచున్నది. ఇది మనము సిగ్గుపడదగిన విషయము.

ఈ యేడు మా తొమ్మిదవ తరగతి పిల్లలు నలువదియిద్దఱిని, తల్లివైపు ముత్తవ్వ పేరు తెలిసికొని రండని పంపితిని. తొమ్మండుగురు తెచ్చిరి. అందు మాన్యములవారు కలరు, నాట్లుకూలివారు కలరు. దీనికి కులముతో పనిలేదు. ఒక తండ్రి మాత్రము బడికి వచ్చి, ఆడవారి పేళ్లు నలుగురిలో చదివించుట యేమి పద్ధతియని నన్ను గద్దించెను. ఆయనను కూర్చుండబెట్టి ఐరిషు తల్లుల రెండంకెల కథ చెప్పితిని. ఆయన కొంతసేపూరకుండి, తన తల్లి ఏడుగురిని కని ఇద్దఱిని దక్కించుకొన్నదని చెప్పెను. పేరు మాత్రము చెప్పలేదు. మఱునాడు పిల్లవాడు వ్రాసికొనివచ్చెను.

చదువరులారా! మన యిండ్లలో ఎనుబదియేండ్ల వృద్ధురాలు ఒక్కతె పోవుటయనగా ఒక దస్తరముల భవనము తగులబడుటయే. దానికి నకలు లేదు. కావున నేడే ఒక కాగితము తీసికొని కూర్చుండుడు. పేరేమి, పుట్టినదెక్కడ, ఎన్నవ యేట పెండ్లియైనది, కన్నదెందఱిని, దక్కినదెందఱు, ఏ పనిచేసి బ్రదికినది, ఎవరి బిడ్డలను పెంచినది, కష్టకాలమున ఎవరిచేతి అన్నము తిన్నది అని అడుగుడు. తుది ప్రశ్నను మఱువకుడు. మనము తీర్చవలసిన ఋణమెవరికో అందు తెలియును. వ్రాసిన కాగితమునకు ఒక ప్రతిని దూరదేశముననున్న పిల్లలకు పంపుడు. వారు తెలుగు చదువలేకున్న చదివి వినిపింపుడు. మా అమ్మ చెప్పినవి ఇంతవఱకు ఇరువదియాఱు పేళ్లు వ్రాసితిని. పేరూరు అమ్మమ్మ పేరు ఇంకను దొరకలేదు. పేరూరులో ఆమె తమ్ముని మనుమరాలు ఒకామె యున్నదట. వేసవి సెలవులలో పోయి అడిగెదను.